ఎనిమిది నెలల దద్దుర్లు, పదిహేడు పథ్యాలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34. కూకట్‌పల్లిలో ఉంటాం. అమీర్‌పేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎనిమిది నెలలుగా ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయి. సాయంత్రం ఇంటికి చేరేసరికి నడుము దగ్గర మొదలై, రాత్రి పదింటికల్లా చేతులు, తొడలు, వీపు అంతా పాకుతాయి. తెల్లారేసరికి ఏమీ ఉండదు. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్న రోజు కూడా వచ్చాయి. సెట్రిజిన్ వేసుకుంటే తగ్గుతాయి, రెండు రోజులకు మళ్లీ వస్తాయి. అలవాటు పడిపోతానేమోనని తట్టుకోలేనప్పుడే వేసుకుంటున్నాను. మరీ ఎక్కువైతే మా వీధి క్లినిక్‌లో ఎవిల్ ఇంజెక్షన్ చేసి, ఐదు రోజులకు ఒక చిన్న తెల్లమాత్ర ఇస్తారు. అది వాడినన్ని రోజులు హాయిగా ఉంటుంది, ఆపగానే ఇంకా ఎక్కువగా లేస్తాయి. ఇప్పటికి ఆరుసార్లు అలా అయింది. మేనకోడలి నిశ్చితార్థానికి, అసలే నెలసరి నొప్పితో, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేసుకుని వెళ్లాను. అక్కడ పై పెదవి వాచిపోయి ఫొటోల్లో నిలబడలేకపోయాను. తొమ్మిది వేలు పెట్టి ఎలర్జీ పరీక్ష చేయిస్తే గుడ్డు, వంకాయ, పల్లీ, చేప, గోధుమ ఇలా 17 రకాలు పడవని వచ్చింది. ఐదు నెలలుగా అన్నీ మానేశాను. ఆదివారం అందరికీ గుత్తివంకాయ వండి నేను పెరుగన్నం తింటున్నాను. ఆరు కిలోలు తగ్గాను గానీ దద్దుర్లు తగ్గలేదు. రక్తం చెడిందని మా అత్తగారు అంటారు. మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప మందు వేయిద్దామంటున్నారు. అంటుకుంటుందని మా తోడికోడలు తన బాబును నా చేతికి ఇవ్వడం లేదు. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం, ఆ భయమొకటి. దీనికి నెలకో ఇంజెక్షన్ వచ్చిందట, వేయించుకుంటే పూర్తిగా పోతుందా? లేక జీవితాంతం మాత్రలేనా? రిపోర్టులన్నీ జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ తోడికోడలి సంగతి చూద్దామమ్మా. దద్దుర్లు అంటుకోవు. ముట్టుకున్నా, ఒకే తువ్వాలు వాడినా, బాబును మీ ఒళ్లో పడుకోబెట్టుకున్నా అంటుకోవు. మీరు చెబితే నమ్మకపోవచ్చు, ఈ పేజీ ఆవిడ చేతికివ్వండి. రక్తం చెడటమూ కాదు ఇది. రక్తశుద్ధి అని రాసి ఉన్న సీసాల మీద డబ్బు పెట్టకండి. చేప మందు కోసం జనం క్యూ కట్టేది ఉబ్బసానికి. దద్దుర్లకు అక్కడ పనేమీ లేదు.

దద్దుర్లు ఆరు వారాలు దాటి వస్తూ ఉంటే దీర్ఘకాలిక దద్దుర్లు అంటాం. చీటీ మీద ‘క్రానిక్ అర్టికేరియా’ అని రాస్తాం. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు. చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి, వాటి నిండా హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది. అది బయటికి చిమ్మితే చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాల్లోంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, నరాలు రేగి దురద పెడుతుంది. చీమ కుట్టినప్పుడు జరిగేదీ అదే. మీకు చీమ లేకుండానే జరుగుతోంది. ఇలాంటివాళ్లలో చాలామందికి సొంత రోగనిరోధక వ్యవస్థే ఆ కణాలను రెచ్చగొట్టే యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. అందుకే కంచంలో ఎంత వెతికినా దొంగ దొరకడు.

మీ ఉత్తరంలో నన్ను బాగా బాధపెట్టింది ఆ ఆరు కిలోలు. తిండి పడక వచ్చే దద్దుర్లకు ఒక లెక్క ఉంటుంది. తిన్న కొన్ని నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో లేస్తాయి. అది తిన్న ప్రతిసారీ లేస్తాయి, తినని రోజున రావు. మీవి రోజూ సాయంత్రం ఠంచనుగా వస్తున్నాయి, ఉపవాసం నాడు కూడా. ఆ కార్తీక సోమవారమే మీకు జవాబు చెప్పేసింది. మరి పరీక్షలో 17 పాజిటివ్ ఎందుకొచ్చాయంటారా? ఆ పదార్థాన్ని గుర్తుపట్టే ఐజీఈ యాంటీబాడీ రక్తంలో కొంత ఉందని మాత్రమే దానర్థం. వీధి చివర కుక్క మిమ్మల్ని గుర్తుపట్టినంత మాత్రాన కరుస్తుందని లేదు కదా. పెద్దవాళ్లలో దీర్ఘకాలిక దద్దుర్లకు ఈ పొడుగాటి ప్యానెల్ పరీక్షలు అక్కర్లేదు. చేయించుకుంటే ఇదిగో, ఇలా పథ్యాల జాబితా ఒకటి మెడకు చుట్టుకుంటుంది.

ఒక పదార్థమే కారణమైతే, మానేసిన మూడు వారాల్లోపు తేడా తెలియాలి. మీరు ఐదు నెలలు చూశారు. కాబట్టి మూడు నాలుగు రోజులకు ఒకటి చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. గుడ్డు, పల్లీ, చేప, గోధుమ మాత్రం మానేసి చాలా నెలలైంది గనుక, మీ డాక్టర్‌తో ఒక మాట అనుకుని తినండి. ఎప్పుడైనా ఏదైనా తిన్న వెంటనే గొంతు దురద పెట్టడం, పెదవులు వాయడం జరిగి ఉంటే దాని జోలికి మీ అంతట మీరు వెళ్లవద్దు. వంకాయకు ఇంత హంగామా అక్కర్లేదు. దాన్ని తింటే దురద అనే మాట మన ఇళ్లలో తాతల నాటి నుంచి ఉంది, మీ దద్దుర్లకు మాత్రం అది బాధ్యురాలు కాదు.

ఇక మాత్ర. మీరు చేస్తున్న పొరపాటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేస్తారు. దద్దురు లేచాక వెతుక్కుని వేసుకుంటారు. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటామే, ఈ మాత్ర చేసేది ఆ పనే. హిస్టమిన్ వచ్చి కూర్చోవాల్సిన చోట్ల ముందే కర్చీఫ్ వేసి ఉంచుతుంది. కూర్చున్నాక లేపడం దానికంత చేతకాదు. ఆ కర్చీఫ్ కూడా ఒక్క రోజే ఉంటుంది. అందుకని దద్దుర్లు ఉన్నా లేకపోయినా, రోజూ, ఒకే వేళకు వేసుకోవాలి. రెండు రోజులు బాగుందని మూడో రోజు ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది.

సెట్రిజిన్ ఒక్కటే కాదు, ఈ కోవలో లెవోసెట్రిజిన్, లోరాటడిన్, డెస్‌లోరాటడిన్, ఫెక్సోఫెనాడిన్, ఎబాస్టిన్, బిలాస్టిన్, రూపటడిన్ ఉన్నాయి. ఇవి రెండో తరం మందులు, పాతవాటిలా మత్తెక్కించవు. సెట్రిజిన్ కొందరికి కాస్త మగతగా ఉంటుంది. అలా అయితే ఫెక్సోఫెనాడిన్‌కో బిలాస్టిన్‌కో మారుస్తాం. బిలాస్టిన్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి, అంటే తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటలకు. ఫెక్సోఫెనాడిన్‌ను పళ్లరసంతో మింగితే సరిగ్గా ఒంటబట్టదు, మంచినీళ్లతోనే మింగండి. ఈ చిన్న సంగతులు ఎవరూ చెప్పరు, మందు పనిచేయలేదని మాత్రం అందరూ అంటారు.

రోజుకు ఒకటి చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు చూస్తాం. అదుపులోకి రాకపోతే అదే మందును రెండుకు, అవసరమైతే నాలుగుకు పెంచుతాం. రోజుకు నాలుగు సెట్రిజిన్లా అని మెడికల్ షాపాయన కళ్లు పెద్దవి చేస్తాడు, చేయనివ్వండి. ఈ జబ్బుకు చర్మవైద్యులు ప్రపంచమంతా అనుసరించే పద్ధతి ఇదే. ఒక మాత్రతో లొంగని చాలామంది ఇలా పెంచితే లొంగుతారు. అయితే ఇది డాక్టర్ చూసి పెంచాల్సింది. కిడ్నీ సమస్య ఉన్నా, వేరే మందులు వాడుతున్నా లెక్క మారుతుంది. మీ అంతట మీరు పెంచుకోకండి.

అలవాటు పడటం గురించి అడిగారు. సారాలాగా, నిద్రమాత్రలాగా ఇవి మరిగే మందులు కావు. కాకపోతే నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేస్తే కొద్దిమందికి కొన్నాళ్లు విపరీతమైన దురద వస్తుంది. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ మీద ఈ హెచ్చరిక చేర్చాలని 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది కూడా. అందుకే ఆపేటప్పుడు మెల్లగా దిగుతాం. కొన్ని నెలలు ఒక్క దద్దురు కూడా లేకుండా గడిచాక, నెలకో మాత్ర తగ్గిస్తూ వస్తాం.

ఆ చిన్న తెల్లమాత్ర దగ్గరికి వద్దాం. దాని స్ట్రిప్ ఇంకా ఇంట్లో ఉంటే తిప్పి చూడండి. మందు పేరు చివర ‘సోన్’, ‘సొలోన్’, ‘కార్ట్’ అని ఉంటే అది స్టెరాయిడ్, నూటికి తొంభై పాళ్లు అదే. స్టెరాయిడ్ చెడ్డది కాదు. ముఖం వాచి, రాత్రంతా నిద్రలేక అల్లాడుతుంటే నేనూ నాలుగు రోజులు రాస్తాను. ఎంత లేదన్నా పది రోజుల్లోపే ఆపాలి. మీకు ఎనిమిది నెలల్లో ఆరుసార్లు పడింది. అలా పడుతూ పోతే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. పైగా ఆపగానే ఎలా లేస్తాయో మీరే రాశారు. ఇప్పుడు కూడా దాని మీదే ఉంటే ఉన్నపళంగా ఆపకుండా, ఎన్నిసార్లు వాడారో డాక్టర్‌కు చెప్పి తగ్గించుకోండి. ఎవిల్ ఇంజెక్షన్‌కు ఆ పూట ఉపశమనం ఉంటుంది, మత్తూ ఉంటుంది. అది చేయించుకుని స్కూటీ మీద ఇంటికి బయలుదేరకండి.

నిశ్చితార్థం నాటి పెదవి విషయంలో నాకు ఒక అనుమానం. ఆ రోజు నొప్పి మాత్ర వేసుకున్నానన్నారు, పేరు రాయలేదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటి మాత్రలు ఈ జబ్బున్న కొందరిలో మంటకు నెయ్యి పోసినట్టు పనిచేస్తాయి. ఇంకోసారి నొప్పి వస్తే పారాసెటమాల్‌తో సరిపెట్టుకుని చూడండి. నా అనుమానం నిజమైతే రెండు మూడు నెలల్లో మీకే తెలుస్తుంది.

నడుము దగ్గరే మొదలవుతాయని కూడా రాశారు. లంగా నాడా, లెగిన్స్ ఎలాస్టిక్ రోజంతా ఒరుసుకునే చోటది. ఒత్తిడి పడిన చోట, గీరిన చోట లేచే దద్దుర్లు వేరే రకం, చాలాసార్లు రెండు రకాలూ కలిసే ఉంటాయి. పెన్ను మూతతో ముంజేతి మీద ఒక గీత గీసి పది నిమిషాలు ఆగండి. గీత గీతలాగే ఎర్రగా ఉబ్బి నిలబడితే మీ డాక్టర్‌కు చెప్పండి. ఈలోగా వదులు బట్టలు కట్టండి. పొగలు కక్కే నీళ్లతో స్నానం వద్దు. సున్నిపిండి పెట్టి రుద్దడం వద్దు. కంబళి కప్పుకుని పడుకుంటే దద్దుర్లు అణుగుతాయని మా నాయనమ్మ కూడా అనేది. ఆ గరుకుకూ, వేడికీ ఇంకా రేగుతాయి. తడిగుడ్డ వేయండి, కాలమిన్ రాసుకోండి, హాయిగా ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఇంకో రెండు పనులు చేయండి. మీ దద్దుర్లు రాత్రికి వస్తాయి, ఓపీ పొద్దున ఉంటుంది. డాక్టర్ ముందు చెయ్యి చాపితే నున్నగా, ఏ జబ్బూ లేనట్టు కనిపిస్తుంది. అందుకని లేచినప్పుడే ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. రెండోది, ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టి, పక్కన టైం రాసుకోండి. రాత్రి 9:10 అనుకుందాం. మర్నాడు అదే వేళకు చూస్తే సున్నా మిగులుతుంది, లోపల ఏమీ ఉండదు. వేరేచోట కొత్తవి లేచి ఉండొచ్చు, అది పర్వాలేదు. మామూలు దద్దురు 24 గంటలు ఒకేచోట ఉండదు. అలాకాకుండా సున్నాలో అదే దద్దురు ఇంకా ఉండి, దురదకన్నా మంట, నొప్పి ఎక్కువగా ఉండి, పోయాక కమిలినట్టు మచ్చ మిగిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు. అప్పుడు చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి, మందులూ మారతాయి.

ఓపిక ఉంటే రోజూ మార్కులు కూడా వేసుకోండి. దద్దుర్లు లేకపోతే 0, 20లోపు అయితే 1, 50 దాకా 2, అంతకు మించితే 3. దురదకు కూడా 0 నుంచి 3. ఏడు రోజులవి కలిపితే గరిష్ఠం 42. వారానికి 6 దాటకపోతే మందు పనిచేస్తున్నట్టే. 28 గానీ, అంతకు మించి గానీ ఉంటే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. ‘బాగానే ఉందండీ’, ‘అస్సలు తగ్గలేదండీ’ అనే మాటలకన్నా ఈ అంకె చూస్తే మందు పెంచాలా వద్దా అన్నది మాకు తేలిగ్గా తెలుస్తుంది. అకౌంట్స్ చూసేవారు, మీకిదో లెక్కా!

మీరడిగిన ఇంజెక్షన్ పేరు ఒమాలిజుమాబ్. 2003లో అమెరికాలో ఉబ్బసానికి వచ్చింది, 2014లో అక్కడే దద్దుర్లకూ అనుమతి దొరికింది. మాస్ట్ కణాలను రెచ్చగొట్టే ఐజీఈని రక్తంలోనే పట్టేస్తుంది. నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు చర్మం కింద వేస్తారు. స్టెరాయిడ్ కాదు. మాత్రలు నాలుగుకు పెంచినా లొంగనివాళ్లకు ఇది నిజంగా మంచి మందు. కొందరికి మొదటి వారాల్లోనే తేడా తెలుస్తుంది, కొందరికి ఆరు నెలల దాకా ఓపిక పట్టాలి. చాలా అరుదుగా ఇంజెక్షన్‌కే తీవ్రమైన ఎలర్జీ రావచ్చు గనుక, మొదటి విడతలు వేశాక కాసేపు అక్కడే కూర్చోబెడతాం. ఖరీదైనది, నెలనెలా పెట్టుకోవాలి. జబ్బును అదుపులో ఉంచుతుందే గానీ వేళ్లతో సహా పీకేయదు. ఆపాక మళ్లీ రావచ్చు, అప్పుడు మళ్లీ వేస్తాం. దీనికీ లొంగకపోతే సైక్లోస్పోరిన్ ఉంది, బీపీ, కిడ్నీ పరీక్షలు చూసుకుంటూ వాడేది. డూపిలుమాబ్ ఇంజెక్షన్‌కు, రెమిబ్రూటినిబ్ మాత్రకు కూడా 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. మీరు అంత దూరం ఆలోచించనక్కర్లేదు. రోజుకో మాత్ర అనే మొదటి మెట్టే మీరింకా సరిగ్గా ఎక్కలేదు.

ఆ మెట్టు ఎక్కడానికి పెద్ద ఖర్చూ లేదు. మీకు తెలిసిన చర్మవైద్యుల దగ్గరికి వెళ్లవచ్చు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో కూడా చర్మవ్యాధుల విభాగాలున్నాయి.

జీవితాంతమా అంటే, చాలామందికి కాదు. కొందరికి ఏడాదిలో, ఎక్కువమందికి ఐదేళ్లలోపు దానంతటదే సద్దుమణుగుతుంది, కొద్దిమందికి ఇంకా సాగుతుంది. మాత్రలు ఆ రోజును తొందరగా తీసుకురావు. అది వచ్చేదాకా మీరు రాత్రిళ్లు నిద్రపోవడానికి, పొద్దున ఆఫీసుకు వెళ్లడానికి ఉపయోగపడతాయి. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

పెదవి, కనురెప్పలు వాయడం చూడటానికి భయంగా ఉంటుంది గానీ ఈ జబ్బులో ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. నాలుక వాచి మాట ముద్దగా వస్తున్నా, గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, దద్దుర్లతో పాటు వాంతులై కళ్లు తిరుగుతున్నా ఇంట్లో మాత్ర వేసుకుని చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. అప్పుడు ముందు పడాల్సింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్, ఎవిల్ కాదు.

రెండో బిడ్డకు దద్దుర్లు అడ్డం కావు. గర్భంలో వాడాల్సి వస్తే ఎక్కువ అనుభవం ఉన్న మందులు సెట్రిజిన్, లోరాటడిన్. మీరు వాడుతున్నది అందులో ఒకటే. బిడ్డ కోసం చూస్తున్నామని మొదటి రోజే చెబితే డాక్టర్ మందును దానికి తగ్గట్టు ఎంచుకుంటారు.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి. మీరు పంపిన జిరాక్సుల్లో ఎలర్జీ ప్యానెల్ మీద ఎవరో 17 చోట్ల ఎర్ర ఇంకుతో గీతలు కొట్టారు. దాని వెనక పేజీలో, ఏ గీతా లేకుండా, టీఎస్‌హెచ్ 7.8 అని ఉంది. థైరాయిడ్ పనితీరు చెప్పే అంకె అది, నాలుగున్నర దాటకూడదు. దద్దుర్లున్న ఆడవాళ్లలో థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు కనిపించడం మామూలే. ఈ రెంటికీ చుట్టరికం ఉంది. థైరాయిడ్ సరిచేస్తే దద్దుర్లు పోతాయని మాట ఇవ్వలేను. కానీ బిడ్డ కోసం చూస్తున్నవారు ఈ అంకెను వదిలేయకూడదు, గర్భం నిలవడానికీ, బిడ్డ మెదడు ఎదుగుదలకూ అది ముఖ్యం. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ ఈ వారంలోనే మళ్లీ చేయించండి. సీబీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, మొత్తం ఐజీఈ కూడా అదే రక్తంతో అయిపోతాయి, వేరే పరీక్షలేవీ వద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఎర్ర గీతల కాగితం ఇంట్లో వదిలేసి, ఆ వెనక పేజీ ముందు పెట్టండి.